ఆమె పేరు మీద వచ్చే పుస్తకాలు

మార్చి 2

లైబ్రరీ నుంచి ఫోను. నా భార్య వరుసలో పేరు రాయించుకున్న పుస్తకం వచ్చిందట. మూడు రోజుల్లో తీసుకెళ్ళకపోతే తరవాతి వాళ్ళకు ఇచ్చేస్తారట.

"మేడమ్‌గారికి చెప్తారా అండీ?" అంది ఫోనులో ఆవిడ.

చెప్తానన్నాను.

తను పోయి ఈ రోజుకు యాభై రెండు రోజులు.

మార్చి 3

ఆఫీసు నుంచి వస్తూ తెచ్చాను. కార్డు తన హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. కౌంటరులో ఆవిడ కార్డు మీద పేరు చూసి, నన్ను చూసి, ముద్ర వేసి ఇచ్చింది. ఏమీ అడగలేదు. నేనూ ఏమీ చెప్పలేదు. అబద్ధమైతే ఆడలేదు.

"మేడమ్‌వి ఇంకా తొమ్మిదున్నాయండీ వరుసలో," అంది. "అన్నీ కొత్తవే, అందరూ అడుగుతున్నారు. ఒక్కొక్కటే వస్తాయి. గడువు పద్నాలుగు రోజులే, గుర్తుపెట్టుకోండి."

నీలం అట్ట. బొమ్మల నవల. టీనేజి పిల్లల కోసమని వెనక రాసి ఉంది. తను లెక్కల టీచరు, నలభై నాలుగేళ్ళ మనిషి. చివరి మూడేళ్ళూ ఇలాంటివి తప్ప ఇంకేమీ చదవలేదు. నేను నవ్వేవాణ్ణి. "పెద్దవాళ్ళ కోసం రాసేవాళ్ళు ధైర్యంగా అబద్ధాలాడతారు. పిల్లల కోసం రాసేవాళ్ళకి కాస్త భయముంటుంది," అనేది.

కార్డు మూయించాలి. వచ్చే వారం చూడాలి.

మార్చి 4

నీలం పుస్తకం అయిపోయింది. ఇరవై అయిదు నిమిషాలు. ఒక పిల్ల రోజూ నిద్ర లేచేసరికి ఇంట్లో ఒక గది ఎక్కువ ఉంటుంది. అన్నీ ఖాళీ గదులే. ఆఖరి గదిలో ఒక కుర్చీ ఉంటుంది. అంతే. రెండు వందల పేజీల్లో మాటలన్నీ ఏరితే ఒక పోస్టుకార్డుకు చాలవు.

గీత బాగుంది. గోడలకు దళసరి గీత, మనిషికి సన్న గీత. మా నీటి సరఫరా ఆఫీసు నక్షాల్లో పైపులకు దళసరి, ఇళ్ళకు సన్నం. ఇరవై నాలుగేళ్ళుగా అవే గీస్తున్నాను కాబట్టి ఆ మాట చెప్పగలను. అంతకు మించి చెప్పడానికేమీ లేదు.

భోజనాల బల్ల మీద పెట్టి పడుకున్నాను.

మార్చి 5

పొద్దున బల్ల మీద పుస్తకం లేదు. అమ్మాయి తన గదిలోకి తీసుకెళ్ళింది.

సాయంత్రం అడిగాను, ఎలా ఉందని.

"బాగుంది." ప్లేటు తీస్తూ, "మీకు?"

"తొందరగా అయిపోయింది."

"అది తొందరగా అయ్యేది కాదు," అంది. ప్లేటు కడిగి బోర్లించి, వంటింటి లైటు ఆర్పి వెళ్ళింది.

మంచి పిల్ల. ఒక పని చెప్పించుకోదు, ఒక మాట ఎదురు చెప్పదు. ఐదేళ్ళ కిందట, పదేళ్ళ వయసులో, తల్లి వెనకాలే ఈ ఇంట్లోకి వచ్చినప్పుడు నన్ను అంకుల్ అనేది. మా పెళ్ళయ్యాక ఆ పిలుపు మానేసింది. ఇంకొకటి మొదలుపెట్టలేదు. పిలవకుండా మాట్లాడటం కూడా ఒక విద్యే. ఆ పిల్ల అందులో ఆరితేరింది.

మార్చి 7

అత్తగారి ఫోను. నలభై ఏళ్ళు ప్రసవాల వార్డులో నర్సుగా పనిచేసిన గొంతు. ఫోను బల్ల మీద పెట్టినా వినబడుతుంది.

"ఏం నాయనా, తిన్నావా?"

"తిన్నానండీ."

"అబద్ధం. సరే విను. బడికి సెలవులిచ్చాక పిల్లని నా దగ్గరికి తెచ్చేసుకుంటాను. ఇక్కడ బళ్ళో మాట్లాడేశాను కూడా. నువ్వు కన్నవాడివి కావు. అయినా కన్నవాడు చెయ్యనిది చేశావు. నిన్నెవరూ ఒక్క మాట అనరు. కానీ ఒంటి మగాడివి, అది ఎదిగే పిల్ల. నీకు జడ వెయ్యడం వచ్చా?"

"తనే వేసుకుంటుందండీ."

"మాటవరసకన్నాలే! ప్రతిదానికీ సమాధానం చెప్తావు." గొంతు తగ్గించింది. "నాకూ ఇల్లంతా ఖాళీగా ఉంది నాయనా. పిల్లనడిగి చెప్పు."

మార్చి 8

అడిగాను.

"అమ్మమ్మ తన దగ్గరికి వచ్చెయ్యమంటోంది. సెలవులయ్యాక అక్కడే చదువు. నీ ఇష్టం."

"మీరెలా అంటే అలా."

"నీకు అక్కడే బాగుంటుందనుకుంటాను."

"సరే."

అర నిమిషం కూడా పట్టలేదు. ఏప్రిల్ 28న అత్తగారు వస్తారు. విషయం తేలిపోయింది. వెళ్ళడమే మంచిది.

మార్చి 10

మధ్యాహ్నం కునుకు పట్టింది. కలలో మా ఇంట్లో ఒక గది ఎక్కువగా ఉంది. స్టోరుకీ స్నానాలగదికీ మధ్య. టేపు పెట్టి కొలుస్తున్నాను. పన్నెండు అడుగులు, పది అడుగులు. తలుపు అవతల ఎవరో కుర్చీ జరుపుతున్నారు. కొలతలు రాసుకోవడానికి పెన్సిలు వెతుకుతూ మేలుకున్నాను.

లేచి నీలం పుస్తకం అడిగి తీసుకుని మళ్ళీ చూశాను. ఈసారి మాటల మీద కాగితం ముక్క అడ్డం పెట్టి, బొమ్మలు మాత్రమే. రెండు గంటలు పట్టింది. గదులు ఖాళీగా లేవు. ప్రతి గదిలోనూ కిటికీ వెలుగు వేరే పూటది. తెల్లవారుజాము, పొద్దు, మిట్టమధ్యాహ్నం. ఆ పిల్ల ఇల్లు తిరగడం లేదు, ఒకే రోజంతా తిరుగుతోంది, మెల్లగా. కుర్చీ ఉన్న గదిలో సాయంత్రం.

మొదటిసారి ఇవేవీ చూడలేదు. నక్షాలు గీసేవాణ్ణి, నేనే చూడలేదు.

మార్చి 13

రెండోది. ఇది మామూలు నవల, మాటలతో. ఈతకొలను దగ్గర పనిచేసే పదిహేడేళ్ళ కుర్రాడు, నీళ్ళలోకి మాత్రం దిగడు. అన్న మునిగిపోయాడు కాబట్టి. అంతా "నేను చూస్తున్నాను, నేను వింటున్నాను" అంటూ ఇప్పుడే జరుగుతున్నట్టు నడుస్తుంది. ప్రతి మూడు పేజీలకూ కుర్రాడికి ఊపిరి బిగబడుతుంది. లెక్క పెట్టాను, నలభై ఒక్కసార్లు. డాక్టరుకు చూపించాల్సింది.

ఒక చోటు బాగుంది. పొద్దున్నే ఎవరూ రాకముందు కొలనులో ఆకులు తీస్తుంటాడు. నీళ్ళు కదలవు. పైకప్పు దీపాలు అడుగున కనబడతాయి. "అడుగున ఎవరో ఇల్లు కట్టుకుని దీపం పెట్టుకున్నట్టుంది" అనుకుంటాడు. ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. టీ చల్లారింది.

మార్చి 14

ఆఫీసులో భోజనాల వేళ చదువుతుంటే సర్వేయరు చూశాడు.

"ఏంటి సార్, టీనేజి పుస్తకమా? మళ్ళీ పరీక్షలు రాస్తున్నారా?"

"అమ్మాయిది."

"మరి మీరెందుకు చదువుతున్నారు?"

"ఊరికే. కాలక్షేపం."

"చెప్పండి సార్, హీరోయిన్ దొరికిందా?"

"కుర్రాడికి ఈతే రాలేదు ఇంకా."

వాడు నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. నవ్వి చాలా రోజులైందని తరవాత గుర్తొచ్చింది.

మార్చి 20

మూడోది. బొమ్మల నవల, నలుపూ తెలుపూ, ఈకలకు మాత్రం లేత నారింజ రంగు. ఒక ఇంట్లో పెద్దపిల్లకి ఈకలు మొలుస్తుంటాయి. ఎవరూ ఆ సంగతి ఎత్తరు. తల్లి రోజూ పొద్దున్నే మౌనంగా ఈకలు ఊడ్చి చెత్తబుట్టలో వేస్తుంది. తండ్రి కిటికీలకు గ్రీజు పెడతాడు, తెరిస్తే చప్పుడు కాకుండా. చెల్లెలు అక్క చొక్కాలకు వీపున చీల్చి కుడుతుంది. అందరూ ఎంతో మర్యాదగా సాయం చేస్తారు. ఆఖర్న ఆ పిల్ల ఎగిరిపోతుంది. చివరి పేజీ తెల్లగా ఉంది. మూల మీద ఒక్క ఈక, అదీ సగమే.

గీత అద్భుతం. ఈకల్లో ఒకటి ఇంకోదానిలా లేదు. కానీ కథలో లోపముంది. వెళ్ళాలని ఉందా అని ఆ పిల్లనెవరూ అడగరు. వెళ్ళొద్దని ఎవరూ అనరు. ఒక్క మాటతో తేలిపోయేదానికి రెండు వందల అరవై పేజీలు. నిజంగా ఏ ఇంట్లోనూ ఇలా జరగదు.

మార్చి 21

అమ్మాయి ఆ పుస్తకం ఒక్కరోజులో బల్ల మీద పెట్టేసింది. నచ్చలేదా అన్నాను.

"నచ్చింది," అంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. జలుబు చేసినట్టుంది.

మార్చి 25

ఈ మూడు పుస్తకాల్లో తండ్రుల గురించి ఒకమాట. మొదటిదాంట్లో తండ్రే లేడు. మిగతా రెండింటిలోనూ వంటింటి గుమ్మంలో నిలబడి "తిన్నావా?" అని అడుగుతారు. అంతకు మించి వాళ్ళకు డైలాగు రాయరు. ఈ రచయితలకు తండ్రుల మీద ఏదో కక్ష ఉన్నట్టుంది.

రాత్రి అమ్మాయి గది తలుపు దగ్గర నిలబడి తిన్నావా అని అడిగాను. అడిగాక తెలిసింది.

మార్చి 29

నాలుగోది వచన కవితల్లో రాసిన నవల. పేజీకి నాలుగు పంక్తులు, మిగతా అంతా తెల్ల కాగితం. దండగ అనుకుని మొదలుపెట్టాను. బస్సు నడిపే తల్లి, రోజూ అదే బస్సులో బడికి వెళ్ళే కూతురు. తల్లి డ్యూటీలో ఉన్నప్పుడు ఇద్దరూ మాట్లాడుకోకూడదని వాళ్ళకొక ఒప్పందం. అద్దంలో చూసుకుంటారు.

తిరుగుదారిలో ఆఫీసు మెట్ల మీద కూర్చుని చదివాను. చినుకు పడుతోంది. వీధి దీపాలు వెలిగాక ఎదురు మేడ కిటికీలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. పై వరుసలో మూడు, కింద వరుసలో మూడు. ఒకదానిలో ఒకావిడ కర్టెను సర్దుతోంది. పక్కదానిలో ఎవరూ లేరు. కిందిదానిలో పిల్లవాడు బంతి ఎగరేస్తున్నాడు, బంతి కనబడుతుంది, పిల్లవాడు కనబడడు. ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి చదివాను. అర్థమైనట్టే అనిపించింది. లేచేసరికి ప్యాంటు తడిసిపోయింది.

తను ఎప్పుడో అంది: "నువ్వు బొమ్మల పెట్టెల్లో ఉన్నదే చూస్తావు. కథ పెట్టెకీ పెట్టెకీ మధ్య ఖాళీలో జరుగుతుంది." అప్పుడు నేను పేపరు చదువుతున్నాను. ఊఁ అన్నాను.

ఏప్రిల్ 2

బడి మార్పు దరఖాస్తు మీద సంతకం పెట్టాను. తల్లి లేదా తండ్రి లేదా సంరక్షకుడు అని ఉంది. మూడోదాని కింద గీత గీశాను.

కాగితం అమ్మాయికి ఇచ్చాను. మడత పెట్టి సంచిలో పెట్టుకుంది. థాంక్స్ అంది.

వెళ్ళడమే మంచిది.

ఏప్రిల్ 5

ఐదోది. గుర్రాలు, కత్తులు, ఏడు రాజ్యాలు. మొదటి పది పేజీలూ పేర్ల పట్టికే. నేను ముప్పయ్యో పేజీలో ఆపాను. అమ్మాయి నలభైలో ఆపింది.

"ఆ తమ్ముడే విలనా?" అన్నాను.

"ఏ తమ్ముడు? తమ్ముళ్ళే పదకొండుమంది," అంది.

ఈ ఇంట్లో ఇంతవరకు కుదిరిన ఏకాభిప్రాయం ఇదొక్కటే.

ఏప్రిల్ 8

ఆరోది. ఇప్పటిదాకా వచ్చిన వాటిలో ఇదే పెద్దది, నాలుగు వందల పేజీలు, నీటి రంగులు. గడువు 22.

ఆనకట్ట కట్టినప్పుడు మునిగిపోయిన ఊరు. అక్కడి వాళ్ళ మనవలు సరస్సులోకి దూకి తమ వీధులు వెతుకుతుంటారు. ఇళ్ళ నంబర్లు నీళ్ళలో ఇంకా కనబడతాయి. ఒక పిల్ల రోజూ అదే ఇంటి తలుపు దగ్గరికి వెళ్ళి, తట్టి, ఊపిరి అయిపోయి పైకి వచ్చేస్తుంటుంది.

రోజుకు ముప్పై పేజీల కంటే చదవలేకపోతున్నాను. చదవనప్పుడు కూడా ఆ పచ్చటి వెలుగు కళ్ళలోనే ఉంటోంది. నిన్న వీధిలో నడుస్తుంటే మనుషులంతా కాస్త తేలుతున్నట్టున్నారు. కూరగాయల బండి నీడ ఊగింది. ఎవరి మాటా సరిగా వినబడలేదు. బాగుంది.

ఏప్రిల్ 11

నూట పన్నెండో పేజీలో వాల్వు తప్పు. ఆనకట్ట గోడలో పెట్టే గేటు వాల్వుకు ఇళ్ళలో వాడే కుళాయి చక్రం గీశారు. అంత నీటి బరువుకు అది అరక్షణం కూడా ఆగదు. ట్రేసింగు పేపరు ముక్క పేజీ మీద పరిచి సరైనది గీశాను. సైడు వ్యూ, టాప్ వ్యూ, బోల్టులు పన్నెండు. ఆఫీసుకు వేళైపోతోందని అలాగే వదిలేసి వెళ్ళాను.

ఏప్రిల్ 12

సాయంత్రం తలుపు తీయగానే అమ్మాయి ఆ ట్రేసింగు పేపరు పట్టుకుని నిలబడి ఉంది.

"ఇదేంటి?"

"వాల్వు తప్పు గీశారు."

"మునిగిపోయిన ఊళ్ళో దయ్యాలు టీ తాగుతుంటే మీకేం అభ్యంతరం లేదు. వాల్వు తప్పయిందా?"

"దయ్యాల సంగతి నాకు తెలీదు. వాల్వుల సంగతి తెలుసు."

నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తల్లిలాగే, భుజాలతో. తరవాత బల్ల దగ్గర కూర్చుని అడిగింది, నీళ్ళు మన ఇంటికి ఎటునుంచి వస్తాయని. గీసి చూపించాను. కొండ మీద ట్యాంకు, పెద్దలైను, మా వీధి మలుపు, మా ఇల్లు. మా ఇంటి దగ్గర ఆగి, "ఇక్కడ రెండు కుళాయిలు," అంది. "మూడు," అన్నాను, "వెనక ఒకటుంది." తన వేలితో గీత వెంట కొండ దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చింది.

గంటంబావు మాట్లాడుకున్నాం. నీళ్ళ గురించే. ఇంకే విషయమూ రాలేదు.

ఏప్రిల్ 16

అమ్మాయి సూట్‌కేసు దింపింది. బట్టలు సగం సర్దింది. మిగతా సగం అల్మరాలోనే ఉన్నాయి. సర్దడం నిదానంగా సాగుతోంది. సాయం చెయ్యనా అన్నాను. వద్దండి అంది.

మునిగిన ఊరు పూర్తి చేశాను. చివర్లో ఆ పిల్ల తట్టే తలుపు గురించి రాయను. ఆ పేజీ ఎవరికి వాళ్ళు చూడాల్సిందే.

బల్ల మీద పెట్టాను.

ఏప్రిల్ 18

కలలో తను సరస్సు అడుగున పరీక్ష పేపర్లు దిద్దుతోంది. పేపర్లు పైకి తేలిపోతున్నాయి. నన్ను పట్టుకోమంది. పట్టుకుంటున్నాను. అన్నిటి మీదా అమ్మాయి దస్తూరీ. "దానికెన్ని మార్కులేశావు?" అన్నాను. "నువ్వడుగు," అంది.

ఏమడగాలో చెప్పకుండానే తెల్లారింది.

ఏప్రిల్ 21

అత్తగారు టికెట్లు తీసుకున్నారట. రానూ పోనూ. పోయేటప్పుడు రెండు.

ఏప్రిల్ 22

ఇది వివరంగా రాసుకోవాలి.

గడువు ఈరోజు. ఎప్పటిలాగే ఆఫీసుకు వెళ్తూ లైబ్రరీలో పుస్తకం ఇచ్చేశాను. ఆరు పుస్తకాల్లో ఒక్కటీ ఒక్కరోజు ఆలస్యం కాలేదు. ఆ సంతృప్తితోనే రోజంతా పనిచేశాను.

అయిదున్నరకు ఇంటికి వచ్చేసరికి అమ్మాయి బల్ల కింద, సోఫా వెనక, పేపర్ల దొంతరలో వెతుకుతోంది.

"పుస్తకమేదీ?"

"ఇచ్చేశాను. గడువు కదా."

"ఇచ్చేశారా?" నిటారుగా నిలబడింది. "నాకింకా ముప్పై పేజీలున్నాయి!"

"అయిపోయిందనుకున్నాను. ఆరు రోజులైంది..."

"అయిపోలేదు! కావాలనే మిగుల్చుకున్నాను. ఈ ఇంట్లో నేను చదివే ఆఖరిది కదా, చివరి పేజీలు రోజుకి రెండే చదువుతున్నాను. అడగాలి కదా! ఒక్క మాట అడిగితే ఏం పోయింది?"

ఐదేళ్ళలో ఆ పిల్ల గొంతు అంత పైకి లేవడం నేను వినలేదు. ఏం చెయ్యాలో తెలియక చేతిసంచి కింద పెట్టాను. మళ్ళీ తీసుకున్నాను.

"గడువు దాటితే..."

"మీకంతా గడువే! నన్నూ ఇలాగే పంపేస్తున్నారు. అమ్మ అయిపోయింది, గడువైపోయింది, తీసుకెళ్ళి ఇచ్చెయ్యడమే!"

"నేను పంపడం లేదు. నువ్వే సరేనన్నావు."

"మీరు నీ ఇష్టం అన్నారు!"

"నీ ఇష్టం అంటే... నువ్వు వెళ్ళనని అనలేదు కదా."

"మీరు ఉండమనలేదు కదా!"

తలుపు వేసుకుంది. గోడ మీద క్యాలెండరు కదిలింది.

నిలబడే ఉన్నాను. రెండు గదుల మధ్య, హాల్లో. ఎంతసేపో తెలియదు. కిటికీలోంచి పడిన ఎండ కుర్చీ కాళ్ళ దాకా వచ్చి, కుర్చీ ఎక్కి, గోడ మీదికి వెళ్ళింది. ఈకల పుస్తకం గురించి నెల కిందట ఏం రాశానో గుర్తొచ్చింది. ఏ ఇంట్లోనూ ఇలా జరగదని రాశాను. కొట్టెయ్యను. ఉండనీ.

తలుపు తట్టాను. చెప్పాల్సింది నోట్లో ఉంది. బయటికి వచ్చింది మాత్రం ఇది:

"లైబ్రరీ ఏడు దాకా తీసే ఉంటుంది."

కాసేపటికి తలుపు తెరుచుకుంది. ముఖం కడుక్కుని ఉంది. చెప్పులు వేసుకుంది. ఇద్దరం నడిచాం. అమ్మాయి నాకు రెండడుగులు ముందు. పొద్దుగూకే వెలుగు వీధంతా పల్చగా పరుచుకుని ఉంది. మనుషులు అందులో మెల్లగా నడుస్తున్నారు.

కౌంటరులో ఆవిడ కంప్యూటరు తెరలో చూసింది. "అయ్యో, మధ్యాహ్నమే తీసుకెళ్ళిపోయారండీ. మేడమ్ కార్డు మీద మళ్ళీ పేరు పెడతానుండండి. ఇప్పుడైతే పదిహేడో నంబరు. మేడమ్‌కి చెప్పండి, ఈసారి ఆలస్యమవుతుందని."

అమ్మాయి నేలకేసి చూస్తోంది.

"ఆవిడ లేరండీ," అన్నాను. "జనవరి తొమ్మిదిన పోయారు."

ఇంటి బయట ఈ మాట నా నోటితో చెప్పడం ఇదే మొదలు. ఆవిడ చేతులు మీటల మీద ఆగిపోయాయి.

"మరి నేను ఫోను చేసినప్పుడల్లా... మేడమ్‌కి చెప్పండి, మేడమ్‌ని అడిగానని చెప్పండి అంటూ... చెప్పొచ్చు కదండీ!"

"మీరలా అంటుంటే బాగుండేది."

ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. పెట్టుకుని, రూలు చెప్పింది. కార్డు మూసెయ్యాలి. ఆవిడ పేరు మీద ఇంకా నాలుగున్నాయి, అవి రద్దవుతాయి. ఆ చోటు ఇంకొకరికి ఇవ్వడానికి లేదు.

"నా పేరు మీద పెట్టండి," అంది అమ్మాయి. "ఆ నాలుగూ, ఇదీ."

"చివర్నుంచి మొదలుపెట్టాలమ్మా. అమ్మగారి చోటు రాదు."

"తెలుసు."

ఆవిడ మీటలు నొక్కింది. "మునిగిన ఊరు ఎనిమిది నెలలు పడుతుంది. ఇది ఏడాది. ఈ ఆఖరిది ఇంకా అచ్చే కాలేదు. వచ్చే ఏడాది చివరికి రావొచ్చు." కార్డు దరఖాస్తు మా వైపు తిప్పింది. "పద్దెనిమిదేళ్ళ లోపు కదా, పెద్దవాళ్ళ సంతకం కావాలి. ఇంకోటి, ఊరు మారితే అన్నీ రద్దవుతాయి, అందుకని అడుగుతాం. అప్పటిదాకా ఈ అడ్రసులోనే ఉంటుందా అమ్మాయి?"

అమ్మాయి మొదటిసారి నేరుగా నా ముఖంలోకి చూసింది. నా బదులు తను చెప్పే ఉద్దేశం లేదని ఆ చూపులో ఉంది.

"ఉంటుంది," అన్నాను. "ఉండాలి. తను వెళ్ళడం నాకు ఇష్టం లేదు."

గొంతు అవసరానికి మించి పెద్దదైంది. పేపరు చదువుకుంటున్న ముసలాయన తల తిప్పి చూశాడు. కౌంటరులో ఆవిడ, అడిగింది అడ్రసు గురించే కదా అన్నట్టు, ఒక్కక్షణం తెల్లబోయింది.

"ఉంటానండీ," అంది అమ్మాయి ఆవిడతో. "రాసుకోండి."

సంతకం పెట్టాను. గీత వంకర పోయింది. ఇరవై నాలుగేళ్ళ సర్వీసులో అలాంటి గీత గీయలేదు.

వచ్చేటప్పుడు పక్కపక్కనే నడిచాం. మలుపు దగ్గర, "ఆ తలుపు తీస్తారా చివర్లో?" అంది.

"చెప్పనా?"

"వద్దు. ఎనిమిది నెలలేగా."

ఏప్రిల్ 23

అత్తగారికి ఫోను చేశాను. పిల్లని పంపలేను, నాకు ఇష్టం లేదు, తనకీ లేదు, నేను సరిగ్గా అడగలేదు, తప్పు నాదే అని ఒక్క ఊపిరిలో చెప్పేశాను.

ఫోను చెవికి గట్టిగా ఆనించుకోవాల్సి వచ్చింది.

"గదికి సున్నం వేయించాను నాయనా," అన్నారు మెల్లగా.

"సెలవులకి వస్తామండీ. ఇద్దరం."

"వచ్చి ఎన్ని రోజులుంటారు?"

"మీరెన్ని రోజులంటే అన్ని."

"నెల."

"నాకు ఆఫీసు..."

"చూశావా, మళ్ళీ!"

"సరేనండీ. పిల్ల నెలంతా. నేను పది రోజులు."

ముక్కు చీదుకున్న చప్పుడు. తరవాత వార్డు గొంతు వెనక్కి వచ్చేసింది. "అది సరే. నేనడిగిన రోజునే ఈ మాట చెప్పొచ్చుగా? నెలన్నర నుంచీ ఏం చేస్తున్నావు?"

"పుస్తకాలు చదువుతున్నానండీ."

"ఏం పుస్తకాలు?"

"పిల్లలవి. బొమ్మలవి. ఆరు."

"ఉండవే తల్లీ అనడానికి ఆరు పుస్తకాలు చదవాల్సొచ్చిందా నాయనా!" అన్నారు.